శునకంతో సాగర తీరానికా? నెల, వేళ చూసుకునే బయలుదేరాలి

బాపట్ల: శని, ఆదివారాలు వచ్చాయంటే సూర్యలంక తీరం వాహనాలతో కిటకిటలాడుతుంది. గుంటూరు, విజయవాడల నుంచే కాక హైదరాబాద్ నుంచి కూడా కుటుంబాలు తరలివస్తాయి. కొన్నేళ్లుగా ఆ వాహనాల్లో నుంచి పిల్లాపెద్దలతో పాటు లాబ్రడార్, పగ్, షిట్జూ, పొమేరియన్ జాతుల శునకాలు కూడా దిగుతున్నాయి. ఇంటిల్లిపాదీ ఊరు వెళితే కుక్కను ఎవరికి అప్పగించాలన్న చిక్కు ఒకవైపు, అదీ ఇంటి బిడ్డేనన్న మమకారం మరోవైపు వారిని ఇందుకు పురిగొల్పుతున్నాయి. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే మనిషికి విహారమైన చోటు మూగజీవికి ప్రాణసంకటం కావచ్చు. ఆ మూగజీవి ఆటలాడే ఇసుకే మరో ప్రాణికి పురిటిగది కావచ్చు. ఈ రెండూ తెలియకపోవడం వల్లనే విహారయాత్రలు విషాదంగా ముగుస్తుంటాయి.

కుక్కతో తీరానికి రావడంలో అసలు చిక్కు ఒకటున్నది. వాతావరణం చల్లగా ఉండి కుక్క ఆరోగ్యానికి అనువైన నెలలు మన తీరంలో రెండున్నరకు మించవు. సరిగ్గా ఆ నెలల్లోనే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఒడ్డుకు వస్తాయి. కనుక ప్రయాణ ప్రణాళిక అంటే గది బుక్ చేసుకోవడం, బ్యాగులు సర్దుకోవడం మాత్రమే కాదు. ఏ నెలలో, ఏ వేళకు, తీరంలోని ఏ భాగానికి వెళ్లాలన్నది ముందు తేల్చుకోవాలి.

ఏ నెల అనుకూలం?

పాఠశాలలకు సెలవులు కనుక చాలామంది ఏప్రిల్, మే నెలలనే ఎంచుకుంటారు. శునకాలకు అంతకంటే చెడ్డ కాలం మరొకటి లేదు. మే నెలలో బాపట్ల ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. సముద్రపు గాలి మధ్యాహ్నం తరువాత కొంత ఉపశమనం కలిగించినా దానితో పాటు గాలిలో తేమనూ మోసుకొస్తుంది. ఈ తేమే కుక్కకు శత్రువు. మనిషికి ఒళ్లంతా చెమట పట్టి శరీరం చల్లబడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా అరికాళ్లలోనే ఉంటాయి. నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని వదిలించుకుంటుంది. నాలుక మీది తడి ఆవిరైతేనే ఆ పని జరుగుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆవిరి కాదు. అందువల్ల రాయలసీమ పొడి ఎండను తట్టుకున్న కుక్క సైతం కోస్తా ఉక్కపోతకు కుప్పకూలవచ్చు. ముక్కు నొక్కుకుపోయినట్లుండే పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి జాతులకు శ్వాసమార్గం సహజంగానే ఇరుకు. వీటిని వేసవిలో తీరానికి తీసుకురాకపోవడమే ఉత్తమం. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. ఉక్కపోత తగ్గదు, సముద్రం పోటెత్తి ఉంటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తొలి పక్షం తుపానుల రోజులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీవ్ర తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఆ నెలల్లో గది బుక్ చేసుకునేవారు వాతావరణ శాఖ హెచ్చరికలను చూసుకోకుండా అడుగు బయట పెట్టరాదు. అందులోనూ కార్తీక మాసం వేరొక సమస్య తెస్తుంది. కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకు భక్తులు పెద్దసంఖ్యలో సూర్యలంక, చీరాల ఓడరేవు తీరాలకు చేరుతారు. ఆ మాసమంతా వనభోజనాల సందడే. ఆ జనసమ్మర్దంలో, బాణసంచా మోతల నడుమ కుక్కను నడిపించడం దానికీ, భక్తులకూ క్షేమం కాదు. బెదిరిన కుక్క గొలుసు తెంచుకుంటే తిరిగి దొరకడం కష్టం.

ఇక మిగిలింది డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి వరకు. గాలి చల్లగా ఉంటుంది, సముద్రం కొంత నెమ్మదిస్తుంది. కొత్త సంవత్సరం, సంక్రాంతి రద్దీ రోజులను మినహాయించి మామూలు పనిదినాల్లో వస్తే తీరం ప్రశాంతంగా ఉంటుంది. ఈ కాలంలో వచ్చేవారు తాబేళ్ల సంగతి తప్పక తెలుసుకోవాలి.

తాబేళ్ల పురిటి వేళ

ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేళ్లు ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆంధ్ర తీరంలో గుడ్లు పెడతాయి. ఒడిశాలోని గహిర్మత, రుషికుల్య తీరాల్లో వలె లక్షల సంఖ్యలో ఒకేసారి కాకపోయినా మన తీరం పొడవునా ఒకటి అరగా వస్తూనే ఉంటాయి. రాత్రి చీకటిలో తల్లి తాబేలు ఒడ్డుకు చేరి, అలలు అందని చోట అడుగున్నర లోతు గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుకతో పూడ్చి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుంత వైపు చూడదు. ఏడు, ఎనిమిది వారాలకు పిల్లలు బయటకు వస్తాయి. వాటిలో పెరిగి పెద్దయ్యేవి వెయ్యికి ఒకటి అని నిపుణుల అంచనా.

మనిషి కంటికి కనిపించని ఆ గుంత కుక్క ముక్కుకు చక్కగా దొరుకుతుంది. ఊరకుక్కలు, నక్కలు తాబేలు గుడ్లకు ప్రధాన శత్రువులు. అందుకే అటవీశాఖ తీరం వెంట గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నది. నగరం నుంచి వచ్చిన పెంపుడు కుక్కకు ఆకలి లేకపోవచ్చు. కానీ వాసన తగిలిన చోట తవ్వడం దాని స్వభావం. ఆటగా తవ్వినా గుడ్లు పగిలేది పగలడమే. గుడ్లు పెట్టబోతున్న తాబేలు కుక్క అరుపు విన్నా, టార్చి వెలుగు పడినా పని మానుకొని సముద్రంలోకి మళ్లిపోతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఆలివ్ రిడ్లే తాబేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దీనికీ ఉన్నది. సరీసృపాల గుడ్లను ధ్వంసం చేయడాన్ని సైతం ఈ చట్టం వేట కిందనే పరిగణిస్తుంది. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు ఉంటుంది. తెలియక జరిగిందని కుక్క యజమాని చెప్పుకోవచ్చు గాని, పగిలిన గుడ్లు తిరిగి రావు.

కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ వరకు పాటించవలసింది స్పష్టం. పొద్దు గుంకిన తరువాత కుక్కను ఇసుకలోకి తీసుకురాకూడదు. పగటి వేళ కూడా గొలుసు విప్పరాదు. అలలు తడిపిన గట్టి ఇసుక మీదనే నడిపించాలి. గుడ్ల గుంతలు దానికి ఎగువన, పొడి ఇసుకలో ఉంటాయి. ట్రాక్టరు చక్రం జాడను పోలిన అడ్డగీతలు నీటి నుంచి పైకి వెళ్లి కనిపిస్తే అది తాబేలు నడిచిన దారి. అటు వైపు పోకుండా వెనుదిరగాలి. కంచె వేసిన చోటుకు ఆమడ దూరంలో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

మరో మాట. ఇదే కాలంలో మరబోట్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయిన తాబేళ్ల కళేబరాలు తీరానికి కొట్టుకొస్తుంటాయి. కుళ్లిన కళేబరం కనిపిస్తే కుక్క దాని మీద పొర్లుతుంది, వీలైతే తింటుంది. వాంతులు, విరేచనాలు ఖాయం. గొలుసు చేతిలో ఉంటే ఈ బెడద కూడా తప్పుతుంది.

ఇసుక కాలుతుంది

శీతాకాలమైనా పగలు పదకొండు దాటితే పొడి ఇసుక వేడెక్కుతుంది. వేసవిలోనైతే చెప్పులు లేని మనిషి పది అడుగులు వేయలేడు. కుక్క అరికాలి మెత్తలు మందంగా కనిపించినా అవీ చర్మమే, బొబ్బలెక్కుతాయి. దీనికి సులువైన పరీక్ష ఉన్నది. అరచేతి వెనుక భాగాన్ని ఇసుకకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టాలి. ఆ లోపే చేయి తీసేయవలసి వస్తే అక్కడ కుక్క నడవరాదు. సూర్యోదయం నుంచి ఎనిమిదిన్నర వరకు, ఆపైన సాయంత్రం ఐదు నుంచి పొద్దుగుంకే వరకు తగిన వేళలు. తూర్పు తీరం కనుక సూర్యుడు సముద్రంలో నుంచే ఉదయిస్తాడు. చూడముచ్చటైన ఆ దృశ్యం కోసమైనా తెల్లవారుజామునే లేవడం మంచిది.

కుక్క శరీర ఉష్ణోగ్రత సహజంగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మనకంటే ఎక్కువ. అది 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా భావించాలి. ఆగకుండా రొప్పడం, నోటి నుంచి చిక్కటి చొంగ కారడం, చిగుళ్లు ఎర్రబారడం, తూలడం, వాంతి చేసుకోవడం దీని లక్షణాలు. అప్పుడు వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా మామూలు చల్లటి నీటితో తడపాలి. పొట్ట, తొడల మధ్య భాగం, పాదాలు బాగా తడిసేలా చూడాలి. విసనకర్రతోనో, ఫ్యానుతోనో గాలి తగిలించాలి. మంచుముక్కలు పెట్టడం, తడి తువాలు ఒంటికి చుట్టి వదిలేయడం సరికాదు. చుట్టిన తువాలు కొద్దిసేపటికే వేడెక్కి ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. స్పృహలో లేని కుక్క నోట్లో నీరు పోయరాదు. ముందు ఒళ్లు చల్లార్చాలి, ఆ వెంటనే పశువైద్యుని వద్దకు తరలించాలి. కోలుకున్నట్లు కనిపించినా వైద్యునికి చూపించాల్సిందే. వడదెబ్బ ప్రభావం మూత్రపిండాలు, కాలేయంపై మరుసటి రోజు బయటపడవచ్చు.

భోజనానికి హోటల్‌లోకి వెళుతూ కుక్కను కారులో ఉంచి అద్దాలు కొద్దిగా దించడం చాలామందికి అలవాటు. ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం రెండు వేళ్ల మేర దించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఒకరు తిని వచ్చేవరకు మరొకరు కుక్క వద్ద చెట్టు నీడన ఉండాలి.

నీటిలో దిగితే

లాబ్రడార్‌కు నీరంటే ప్రాణం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల వద్ద పడవలపై పనిచేసిన కుక్కల సంతతి అది. అలాగని అన్ని కుక్కలూ ఈతగాళ్లు కావు. పగ్, బుల్‌డాగ్, డాష్‌హండ్ వంటివి శరీర నిర్మాణం రీత్యా నీటిలో త్వరగా అలసిపోతాయి. చెరువులో ఈదిన అనుభవం అలల ముందు అక్కరకు రాదు.

బాపట్ల, చీరాల తీరాల్లో మునక ప్రమాదాలు కొత్త కాదు. అలలు విరిగే రెండు చోట్ల నడుమ నీరు నిశ్చలంగా, కొంచెం ముదురు రంగులో కనిపించే పాయ ఉంటుంది. అమాయకంగా కనిపించే ఆ పాయలోనే నీరు ఒడ్డు నుంచి లోపలికి వేగంగా లాగుతుంటుంది. బంతి అటు పడితే కుక్క దాని వెంట పోతుంది, కుక్క వెంట యజమాని దిగుతాడు. నాలుగు కాళ్లతో తేలిన కుక్క పక్క అలతో ఒడ్డుకు కొట్టుకు రావచ్చు, ఈత రాని యజమాని రాకపోవచ్చు. కనుక సముద్రంలోకి బంతి విసరడం మానాలి. అయిదారు మీటర్ల పొడవాటి పట్టీని ఛాతీకి తొడిగే జీనుకు కట్టి, మోకాలి లోతు దాటకుండా ఆడించాలి. మెడపట్టీకి కడితే అల లాగినప్పుడు గొంతు నొక్కుకుంటుంది. కుక్క లోపలికి కొట్టుకుపోతే తాను దూకకుండా కేకలు వేసి గజ ఈతగాళ్లను, మత్స్యకారులను పిలవాలి. నిర్దయగా తోచినా ప్రాణాలు నిలిపే సలహా ఇదే.

ఉప్పునీరు తాగడం మరో ప్రమాదం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బంతి పట్టుకునేటప్పుడల్లా కుక్క గుటక వేస్తూనే ఉంటుంది. కొద్దిగా తాగితే విరేచనాలతో పోతుంది. ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ప్రతి పదిహేను నిమిషాలకు ఆట ఆపి మంచినీరు పట్టాలి. 20 కిలోల కుక్కకు మామూలు రోజునే లీటరుకు పైగా నీరు అవసరం. తీరంలో పూట గడపాలంటే తాగడానికి, కాళ్లు కడగడానికి కలిపి నాలుగైదు లీటర్లు వెంట ఉండాలి.

ఒడ్డున పడి ఉన్న చేపలు, జెల్లీ చేపల జోలికి పోనివ్వరాదు. గాలి పీల్చి బుడగలా ఉబ్బే చేపలు వలల్లో పడినప్పుడు మత్స్యకారులు వాటిని ఒడ్డునే పారేస్తుంటారు. వాటిలోని విషానికి విరుగుడు మందు లేదు. జెల్లీ చేప చచ్చి పడి ఉన్నా దాని కొసలు కుడతాయి. గాలాలు, తెగిన వల ముక్కలు ఒకవైపు, పర్యాటకులు వదిలి వెళ్లే సీసా పెంకులు, బిర్యానీ ఎముకలు మరోవైపు. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. నిజానికి సూర్యలంకలో కుక్కకు సముద్రం కన్నా మనుషులు మిగిల్చిన చెత్తే ఎక్కువ హాని చేస్తుందంటే అతిశయోక్తి కాదు.

తీరం ఒకరి జీవనాధారం

పర్యాటకులకు తీరం ఆటవిడుపు, మత్స్యకారులకు అదే పొలం, అదే కళ్లం. అలివి వల లాగేది అక్కడే, బోట్లు నిలిపేది అక్కడే, మహిళలు చేపలు ఆరబోసేది ఆ ఇసుక మీదనే. ఎండు చేపల వాసనకు కుక్క పరుగెత్తి నాలుగు తిని, నలభై తొక్కితే ఆ కుటుంబానికి ఆ పూట సంపాదన పోయినట్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధ కాలంలో వారికి రాబడి ఉండదు. ఆ ముందు నెలల్లో ఎండబెట్టి దాచుకున్నదే ఆదుకుంటుంది. నష్టం జరిగితే వాదనకు దిగకుండా పరిహారం చెల్లించడం పెద్దరికం.

చట్టం కూడా ఈ విషయంలో యజమానినే బాధ్యుణ్ని చేస్తుంది. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలుగకుండా జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉన్నందున ఆ పరిసరాలు నిషిద్ధ ప్రాంతం. విశాఖపట్నంలోని రుషికొండ తీరం 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు నిబంధనల్లో తీరంలోకి కుక్కలు తదితర పెంపుడు జంతువుల రాకను కట్టుదిట్టంగా నియంత్రించాలన్నది ఒకటి. విశాఖ వెళ్లేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కుక్క విసర్జించిన మలాన్ని ఇసుకలో కప్పిపెట్టి చేతులు దులుపుకోవడం మరింత అనర్థం. అందులోని కొంకిపురుగుల గుడ్లు తేమ ఇసుకలో పిల్లలై, చెప్పులు లేకుండా ఆడుకునే చిన్నారుల పాదాల చర్మంలోకి చొచ్చుకుపోతాయి. చర్మం కింద వంకరటింకర ఎర్రటి చారలు, విపరీతమైన దురద కనిపిస్తే కారణం తరచుగా ఇదే. మలాన్ని సంచిలోకి ఎత్తి చెత్తకుండీలో వేయాలి. బయలుదేరే ముందు కుక్కకు నులిపురుగుల మందు వేయించాలి.

ఊరకుక్కలతో తగవు

తీరంలో పుట్టి పెరిగిన నాటు కుక్కలు గుంపులుగా ఉంటాయి. చేపల రేవు వాటి ఇలాకా. నగరపు కుక్క కనబడితే ఊరుకోవు. ఎదకు వచ్చిన ఆడకుక్కను తీసుకువస్తే పోట్లాట తప్పదు. గుంపు ఎదురైతే పరుగెత్తకుండా, రాళ్లు విసరకుండా, చేతిలోని తినుబండారాలు కనిపించనీయకుండా మెల్లగా పక్కకు తప్పుకోవాలి.

కాటు పడితే రేబిస్ భయం ఉంటుంది. కుక్క పిల్లలకు మూడో నెలలో టీకా వేయించి, ఆపై పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా పునరుద్ధరించాలి. మొదటిసారి టీకా వేయించినప్పుడు రక్షణ శక్తి ఏర్పడడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కనుక ప్రయాణానికి ముందు రోజు వేయించి ధీమా పడితే కుదరదు. ఏటా జూలై 6న జంతు సంక్రమిత వ్యాధుల దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తుంది. మనిషిని ఏ కుక్క కరిచినా, అది పెంపుడుదైనా సరే, గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం అద్దడం పనికిరాదు.

రైలా, కారా?

హైదరాబాద్ నుంచి బాపట్లకు రోడ్డు మార్గాన సుమారు ఆరు గంటలు, గుంటూరు నుంచి గంటన్నర లోపు. పట్టణం నుంచి సూర్యలంక తీరం 9 కిలోమీటర్లు. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే కుక్కకు తిండి ఆపాలి, నీరు మాత్రం ఇవ్వవచ్చు. రెండు గంటలకోసారి బండి నిలిపి నడిపించాలి. కిటికీలో నుంచి తల బయట పెట్టనిస్తే కళ్లలో దుమ్ము పడుతుంది, ఎదురుగా వచ్చే బండి తగిలే ప్రమాదమూ ఉన్నది. దూర ప్రయాణం అలవాటు లేని కుక్కను నేరుగా ఆరు గంటలు కూర్చోబెట్టడం కన్నా, వారం పది రోజుల ముందు నుంచి చిన్నచిన్న దూరాలు తిప్పి అలవాటు చేయడం మేలు.

రైలు నిబంధనలు కొంత కఠినం. ఏసీ ఫస్ట్‌క్లాస్ లేదా ఫస్ట్‌క్లాస్‌లో రెండు బెర్తుల కూపే గాని, నాలుగు బెర్తుల క్యాబిన్ గాని పూర్తిగా ఆ కుటుంబానికే కేటాయించి ఉంటేనే కుక్కను వెంట కూర్చోబెట్టుకోవచ్చు. ఏసీ టూటైర్, త్రీటైర్, చైర్‌కార్, స్లీపర్, సెకండ్‌క్లాస్ బోగీల్లో అనుమతి లేదు. లేనిపక్షంలో రైలు చివరి బ్రేక్‌వ్యాన్‌లోని పెట్టెలో పంపాలి. రెండు సందర్భాల్లోనూ పార్సిల్ కార్యాలయంలో లగేజీ చార్జీ చెల్లించి రశీదు పొందాలి. పశువైద్యుని ధ్రువపత్రం, టీకాల పుస్తకం చూపాలి. అన్నపానీయాల బాధ్యత యజమానిదే. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటున్నది. విజయవాడ–చెన్నై ప్రధాన మార్గంలోని బాపట్లలో రైళ్లు ఆగేది కొద్ది నిమిషాలే. ముందు బోగీలో దిగిన యజమాని ప్లాట్‌ఫారం చివరకు పరుగెత్తి, బ్రేక్‌వ్యాన్ తెరిపించి, కుక్కను దింపుకునేలోగా రైలు కదిలిపోవచ్చు. ఎక్కువసేపు ఆగే విజయవాడలో దిగి అక్కడి నుంచి కారులో రావడం నయం. వేసవిలోనైతే బ్రేక్‌వ్యాన్ పెట్టెలో కుక్కను పంపే ఆలోచనే మానుకోవాలి.

బస విషయంలో ఫోనులో సరేనన్న మాటను నమ్ముకొని వచ్చి, గేటు వద్ద నిరాకరిస్తే రాత్రివేళ దిక్కుతోచని స్థితి ఏర్పడుతుంది. కుక్క ఉన్నదని, దాని జాతి, బరువు ఇంత అని రాసి, అనుమతిస్తున్నట్లు తిరుగు సందేశం తెప్పించుకోవాలి. గదిలోకి అనుమతా, లేక బయట కట్టేయాలా అన్నది కూడా అడగాలి. గది దొరకనంత మాత్రాన కుక్కను ఎక్కడో వదిలి వెళ్లడం జంతు హింస నివారణ చట్టం 1960 ప్రకారం నేరం.

వెంట ఉండవలసినవి

టీకాల పుస్తకం, యజమాని ఫోను నంబరు చెక్కిన మెడబిళ్ల, అలవాటైన తిండి, నీటి గిన్నె, పాత తువాళ్లు, ముళ్లు తీసే పట్టకారు, గాయాలు కడిగే మందు, కట్టు గుడ్డ ఉంటే చాలు. కుక్కకు జ్వరమనో, నొప్పులనో ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేయడం అత్యంత ప్రమాదకరం. మనిషికి మందైనవి దానికి విషమవుతాయి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కూడా అంతే. బాపట్ల పశువైద్యశాల పనివేళలను ముందే కనుక్కోవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. పరిస్థితి విషమంగా ఉంటే విజయవాడ సమీపంలోని గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది.

ఆట ముగిసిన వెంటనే మంచినీటితో ఒళ్లంతా కడగాలి. ఉప్పు, ఇసుక వెంట్రుకల్లో నిలిస్తే దురదపుట్టి గోక్కొని పుండ్లు చేసుకుంటుంది. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల కుక్కలకు చెవుల లోపల మెత్తటి గుడ్డతో తడి అద్దాలి, లేకుంటే చీము పడుతుంది. తీరం వెంట ఉన్న సరుగుడు తోటల్లో తిరిగితే పిడుదులు, గోమార్లు పట్టవచ్చు. కాలివేళ్ల సందులు, చెవుల వెనుక, చంకల్లో వెతికి పట్టకారుతో తలకాయతో సహా తీసివేయాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం వారం, రెండు వారాల తరువాత గాని బయటపడదు. ఇంటికి చేరిన పక్షం రోజుల్లో కుక్క తిండి మానినా, చిగుళ్లు పాలిపోయినా, మూత్రం రంగు ముదిరినా ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకెళ్లి, సముద్ర తీరానికి వెళ్లివచ్చిన సంగతి మొట్టమొదట చెప్పాలి.